బయట అంటే ఎక్కడ?

"ఊళ్లో జనం చెత్తని బయట పడేస్తారు."

మా ప్రెజెంటేషన్ మూడో స్లైడ్‌లో నేను ఇంగ్లీషులో రాసిన వాక్యానికి తెలుగు ఇది. రాసేటప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వీడియో కాల్‌లో జర్మనీ వైపు నుంచి ఒక అమ్మాయి చెయ్యెత్తి, చాలా మామూలుగా అడిగింది: "బయట అంటే ఎక్కడ?"

నేను వెంటనే మైక్ పనిచేయనట్టు నటించాను. మీరూ చేసే ఉంటారు, నన్ను చూసి నవ్వకండి.

ఆ స్లైడ్ భద్రాచలం గురించి. అవతలి ఒడ్డున బూర్గంపాడులో మా అమ్మమ్మ వాళ్ల ఇల్లు. ప్రతి సెలవులకీ ఖమ్మంలో బస్సెక్కి, కొత్తగూడెం, పాల్వంచ దాటి అక్కడికే వెళ్లేవాణ్ణి. చిన్నప్పటి నుంచి చూస్తున్న ఊళ్లో చెత్త ఎక్కడికి పోతుందో నాకు తెలియదు. ఎనిమిది సెమిస్టర్ల డిగ్రీలో నాలుగో సెమిస్టర్ చదువుతున్నాను, డేటా స్ట్రక్చర్స్ వచ్చు, ఈ చిన్న ప్రశ్నకి జవాబు రాదు. ఈ వ్యాసం ఆ జవాబు వెతుక్కోవడం గురించి. దాంతోపాటు, విదేశీ విద్యార్థులతో కలిసి చేసే ప్రాజెక్టుల మీద నాకు ఏర్పడిన ఒక అభిప్రాయం గురించి కూడా.

ముందు సంగతేంటో చెప్తాను. 2025 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మన కాలేజీ నుంచి ముగ్గురం, జర్మనీలోని ఒక యూనివర్సిటీ నుంచి ఇద్దరు కలిసి ఆన్‌లైన్‌లో ఒక ప్రాజెక్టు చేశాం. ఇలాంటి చదువుకి కొలాబరేటివ్ ఆన్‌లైన్ ఇంటర్నేషనల్ లెర్నింగ్ అని పెద్ద పేరు, పొట్టిగా కోయిల్. న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2006లో దీనికోసం ఒక సెంటరే పెట్టారు. వీసా అక్కర్లేదు, విమానం టికెట్ అక్కర్లేదు, వైఫై ఉంటే చాలు. మాకిచ్చిన టాపిక్ సర్క్యులర్ ఎకానమీ.

అమ్మమ్మకి ఫోన్లో ఈ మాట చెప్తే, "సర్క్యులర్ అంటే తెలుసులేరా, సర్కారోళ్లు ఆఫీసులకు పంపే కాగితం" అంది. నేను నవ్వాను గానీ, తెలుగులో ఏమనాలో నాకూ తెలియలేదు. పేపర్లలో "వర్తుల ఆర్థిక వ్యవస్థ" అని రాస్తారు. ఆ మాట అమ్మమ్మకి చెప్తే సర్కారు కాగితమే నయం అనేది.

విషయం మాత్రం కష్టమైంది కాదు. ఇప్పుడు ప్రపంచం ఎక్కువగా ఒక గీతలా నడుస్తోంది: తవ్వు, తయారుచెయ్యి, వాడు, పారెయ్యి. ఆ గీతని వంచి రెండు కొసల్నీ కలపాలన్నదే సర్క్యులర్ ఎకానమీ. వస్తువుని ఎక్కువ రోజులు వాడాలి, బాగుచేయాలి, మళ్లీ ముడిసరుకుగా మార్చాలి. మట్టిలోంచి వచ్చింది మట్టిలోకి చేరాలి. ఈ ఆలోచనని ప్రపంచమంతా ప్రచారం చేసినవాళ్లలో ఎలెన్ మెకార్థర్ ఒకరు. ఆమె ప్రొఫెసర్ కాదు, బ్రిటన్‌కి చెందిన నావికురాలు. 2005లో ఒంటరిగా తెరచాప పడవలో 71 రోజుల్లో ప్రపంచాన్ని చుట్టి రికార్డు సృష్టించింది. నడిసముద్రంలో పడవలో ఉన్న తిండి, డీజిల్ తప్ప వేరే ఏదీ దొరకదు. అయిపోతే అయిపోయినట్టే. భూమి కూడా అంతే కదా అని ఆమెకి అక్కడే తట్టింది. 2010లో తన పేరుతో ఫౌండేషన్ మొదలుపెట్టింది.

ఇది చదివినప్పుడు నేను "ఓహో, మంచి స్టోరీ" అనుకుని వదిలేశాను. పడవలాంటి ఊరు ఒకటి మా అమ్మమ్మ ఇంటికి ఎదురుగానే ఉందని అప్పుడు తెలియదు.

మార్చిలో ఒక శనివారం ఆ "బయట"ని వెతుక్కుంటూ భద్రాచలం వెళ్లాను. సారపాకలో దిగి గోదావరి బ్రిడ్జి మీద నడిచాను. కరకట్ట వైపు వెళ్లేసరికి జవాబు కళ్లముందే ఉంది. కొబ్బరి చిప్పలు, నీళ్ల సీసాలు, కవర్లు, టీ కప్పులు, ఎవరిదో పాత చెప్పు. అంతా గోదారి గట్టు మీదే.

ఎందుకిలా అని అక్కడ పనిచేస్తున్న ఒక పారిశుద్ధ్య కార్మికురాల్ని అడిగితే, ఆమె చెయ్యి చూపించి, "అటు చూడు బాబూ, ఆ ఇళ్లు దాటితే ఆంధ్రా. ఇటు గోదారి. ఇంకెక్కడ పోస్తం?" అంది.

ఇది మనలో చాలామందికి తెలియని విషయం. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు, పోలవరం ముంపు కోసం పాత ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాల భూభాగాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం మండలంలో పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. చుట్టూ ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు అటువైపు వెళ్లిపోయాయి. రామయ్య గుడి ఇటు, గుడి భూముల్లో చాలా భాగం అటు. ఆ ఐదు ఊళ్లనీ తిరిగి ఇవ్వాలని అడుగుతూనే ఉన్నారు. అడగడానికి చెప్పే కారణాల్లో డంపింగ్ యార్డుకి స్థలం లేకపోవడం కూడా ఒకటి. మ్యాపులో చూడండి. ఒకవైపు నది, మిగతా వైపుల ఇంకో రాష్ట్రం. ఈ ఊరికి "బయట" లేదు. మెకార్థర్ పడవ లాగే.

ఏటా శ్రీరామనవమి కల్యాణానికీ ముక్కోటికీ వేలకి వేలమంది ఈ పడవ ఎక్కుతారు. ఒక్కొక్కరు ఒక నీళ్ల సీసా, ఒక ప్లేటు, రెండు కవర్లు వదిలి వెళ్లినా చాలు, లెక్క మీరే వేసుకోండి.

గట్టు మీద పోసింది అక్కడే ఉంటుందా? అదీ లేదు. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. చివరి ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీళ్లు మళ్లీ అప్పుడే. అప్పుడు నాకు పదహారేళ్లు. బూర్గంపాడు మునిగింది. నీళ్లు తీశాక అమ్మమ్మ ఇంట్లో బురద ఎత్తడానికి వెళ్లాం. పెరటి కంచెకి మనిషి ఎత్తున కవర్లు చుట్టుకుని ఉన్నాయి. మల్లె పందిరికి చిప్స్ ప్యాకెట్లు. ఎవరో ఎక్కడో "బయట" పడేసినవి మా పెరట్లోకి వచ్చాయి. మేం ఏం చేశామో తెలుసా? అన్నీ ఏరి, గోతాంలో కుక్కి, బయట పడేశాం. ఈ వాక్యం రాస్తుంటే నాకే సిగ్గేస్తోంది.

కాబట్టి ఆ అమ్మాయి ప్రశ్నకి నా మొదటి జవాబు ఇది: బయట అనేది ఎక్కడా లేదు. నువ్వు బయట అనుకునేది ఇంకొకళ్ల పెరడు. కొన్నిసార్లు తిరిగొచ్చి నీదే అవుతుంది.

ఇంక ఆకు విస్తరి సంగతి.

ప్రాజెక్టులో మాకు ఒక బొమ్మ చూపించారు. దాన్ని బటర్‌ఫ్లై డయాగ్రమ్ అంటారు. సీతాకోకచిలుకకి రెండు రెక్కలున్నట్టు, వస్తువులకి రెండు దారులు. ఒక రెక్క మట్టిది: ఆకు, పిండి, కర్ర, పత్తి, ఏదైనా కుళ్లి ఎరువవుతుంది. రెండో రెక్క యంత్రాలది: ఇనుము, గాజు, ప్లాస్టిక్, వీటిని బాగుచేసి, కరిగించి మళ్లీ వాడాలి. రెండిట్నీ కలపకూడదన్నది ముఖ్యమైన రూలు.

ఇది చూడగానే నేను గర్వంగా అడ్డాకు విస్తరి గురించి చెప్పాను. ఏజెన్సీలో ఆడవాళ్లు అడవిలో తీగల నుంచి ఆకు కోసుకొచ్చి, ఆరబెట్టి, పుల్లలతో కుడతారు. మోదుగాకుతో కూడా కుడతారు. తిన్నాక పెంటకుప్పలో వేస్తే మట్టి అయిపోతుంది. మొదటి రెక్కకి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంటుంది? జర్మనీ వాళ్లిద్దరూ "వావ్" అన్నారు. మా టీమ్‌లో ఒకడు వెంటనే "మన పూర్వీకులకి ఇదంతా ఎప్పుడో తెలుసు" అని ఒక స్లైడ్ పెట్టేశాడు.

ఆ స్లైడ్ అబద్ధమని నేను రెండు వారాల తర్వాత ఒప్పుకోవాల్సి వచ్చింది. ఎందుకంటే ఆ తర్వాతి పెళ్లి భోజనంలో విస్తరి తిప్పి చూశాను. పైన ఆకు, కింద మెరిసే ప్లాస్టిక్ పొర. మెషీన్‌లో నొక్కిన ప్లేటు. పులుసు కారకుండా ఉండాలని ఆ పొర. పక్క వరసలో ఆకు బొమ్మ ముద్రించిన పేపర్ ప్లేట్లు. టీ తాగే పేపర్ కప్పు కూడా అంతే, లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టే టీ కారదు. ఆకుకి ప్లాస్టిక్ అంటించాక అది ఏ రెక్కది? మట్టిలో కలవదు, పాత సామాన్లవాడు కొనడు. గేదె నోట్లోకి మాత్రం పోతుంది.

మరి కుట్టిన విస్తరి ఎందుకు పోయింది? అమ్మమ్మ ఇంటి పక్కన ఒక కోయ పెద్దమ్మ ఉంటుంది, ఒకప్పుడు విస్తళ్లు కుట్టి అమ్మేది. అడిగితే, "ఆకు కోసం పొద్దున పోతే మాపటికి వస్తం. కుట్టేసరికి నడుం పోద్ది. పెళ్లోళ్లు ఇచ్చే పైసలు కూలికి కూడా రాలె" అంది. ఆమె కూతురు ఇప్పుడు ఒక షాపులో పనిచేస్తోంది. "మంచిదే అయింది" అంది పెద్దమ్మ.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మేం స్లైడ్‌లో "సాంప్రదాయ జ్ఞానం" అని రాసిందాన్ని ఆమె వదిలించుకున్నందుకు సంతోషిస్తోంది. ఆ విస్తరి చక్రం చక్కగా తిరిగింది నిజమే. తిప్పినవాళ్ల నడుములు పోయాయి, అదీ నిజమే. రెండో నిజం చెప్పకుండా మొదటిది చెప్పడం మన పూర్వీకులకి గౌరవం కాదు. విస్తరి మళ్లీ రావాలంటే దానికి సరైన ధర రావాలి, లేదంటే పాత రోజులు బాగున్నాయని వేరేవాళ్ల నడుం మీద కూర్చుని చెప్పినట్టే.

మూడోది మా యాప్. సీఎస్ఈ వాళ్లం కదా, యాప్ లేకుండా ప్రాజెక్టు ఎలా పూర్తవుతుంది?

ఐడియా సింపుల్. ఇంట్లో పాత సామాన్లు ఉంటే ఫోటో తీసి పెట్టాలి, దగ్గర్లోని పాత సామాన్లు కొనేవాడికి నోటిఫికేషన్ వెళ్తుంది, అతను రేటు పెట్టి వచ్చి తీసుకెళ్తాడు. మ్యాపు, రేటింగు, అన్నీ పెట్టాం. ఇద్దరం మూడు రాత్రులు నిద్రపోకుండా కోడ్ రాశాం. సారపాకలో పాత సామాన్లు కొనే ఒకతని దగ్గరికి డెమో చూపించడానికి వెళ్లాను. అన్నా అని పిలిచాను గానీ వయసులో బాబాయ్ అవుతాడు.

అతను ఫోన్ చేతిలోకి తీసుకుని ఓపిగ్గా అంతా చూశాడు. తర్వాత నన్ను లోపలికి తీసుకెళ్లాడు. లోపల అంటే పైన ఏమీ లేదు, చుట్టూ నాలుగు రేకులు. అట్టపెట్టెలు ఒక కుప్ప, నీళ్ల సీసాలు ఒక కుప్ప, బీరు సీసాలు, ఇనుము, పాత కూలర్ల మోటార్లు. ఒక్క ముక్క చేత్తో నలిపి ఏ రకం ప్లాస్టికో చెప్పేస్తాడు. మేం దీనికోసం కెమెరాతో గుర్తుపట్టే మోడల్ ఒకటి ట్రెయిన్ చేద్దామనుకున్నాం.

"కవర్లు, చిప్స్ ప్యాకెట్లు కొనవా?" అని అడిగాను.

"గోతాం నింపినా కిలో తూగదు. తూగినా కొనేటోడు లేడు."

నిజమే. చిప్స్ ప్యాకెట్‌లో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు పొరలుగా అతికి ఉంటాయి, విడదీయడం చాలా కష్టం. అందుకే ఊరంతా ఏరినా అవి మాత్రం గట్టు మీదే మిగులుతాయి. మల్లె పందిరికి చుట్టుకున్నవి కూడా అవే.

చివర్లో యాప్ ఎలా ఉందని అడిగాను. "బాగనే ఉంది బాబూ. సామాన్లు రాక నాకు ఇబ్బంది లేదు. వాన పడితే అట్టలు తడుస్తయి. తడిస్తే నేను పెట్టిన పైసలు పోయినట్టే. నాకు కావాల్సింది షెడ్డు" అన్నాడు.

ఒక పైకప్పు. అట్టల్ని నొక్కి కట్టలు కట్టే మెషీన్ ఒకటి ఉంటే ఇంకా మంచిది. అది పెట్టుకోవడానికి కాస్త స్థలం. ఊరికి లేనిది, ఇతనికి లేనిది ఒకటే: చోటు. దాన్ని ఏ యాప్ స్టోర్‌లోనూ డౌన్‌లోడ్ చేసుకోలేం.

ఇంతవరకు మన వైపు కథ. ఇప్పుడు అవతలి వైపు.

మా ప్రాజెక్టు మొదలైనప్పుడు ఎవరూ చెప్పకుండానే ఒక పంపకం జరిగిపోయింది. సమస్య మనది, పరిష్కారం వాళ్లది. మేం చెత్త ఫోటోలు పంపాలి, వాళ్లు సిస్టమ్ గురించి చెప్పాలి. వాళ్ల సిస్టమ్ నిజంగానే బాగుంది. జర్మనీలో 2003 నుంచి, ఒకసారి వాడి పారేసే నీళ్ల సీసాల మీద, కూల్‌డ్రింక్ డబ్బాల మీద డిపాజిట్ ఉంది. సీసా కొంటే 25 సెంట్లు ఎక్కువ కడతారు. ఖాళీది సూపర్ మార్కెట్‌లో మెషీన్‌లో వేస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది. రోడ్డు మీద సీసా కనిపించదట. మేం నోరు తెరుచుకుని విన్నాం.

మార్చి చివర్లో ఒక కామెడీ జరిగింది. ఐరోపాలో మార్చి చివరి ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు. మాకెవరూ చెప్పలేదు. వాళ్లు తమ టైముకి వచ్చి మాకోసం గంట కూర్చున్నారు. మేం ఎనిమిదింటికి కాల్‌లోకి వచ్చేసరికి ఒకడే మిగిలాడు, ఎప్పుడూ పెద్దగా మాట్లాడని అబ్బాయి. మిగతావాళ్లు లేరు కదా అని ఎజెండా పక్కన పెట్టి కబుర్లు మొదలుపెట్టాం. పాత సామాన్ల అన్న గురించీ, విస్తళ్ల పెద్దమ్మ గురించీ చెప్పాను. అతను కాసేపు ఆగి ఒక విషయం చెప్పాడు.

వాళ్ల ఊళ్లో చాలామంది ఖాళీ సీసాని చెత్తడబ్బాలో వెయ్యరట, పక్కన నిలబెట్టి వెళ్తారట. ఎందుకంటే పెన్షన్ చాలని ముసలివాళ్లు, పని లేనివాళ్లు వాటిని ఏరుకుని మెషీన్‌లో వేసుకుని ఆ డబ్బు తీసుకుంటారు. చెత్తలో చెయ్యిపెట్టే బాధ వాళ్లకి తప్పించడానికి సీసా పక్కన పెడతారు. రైల్వే స్టేషన్లలో, ఫుట్‌బాల్ మ్యాచ్‌ల దగ్గర సంచులతో వాళ్లు కనిపిస్తారట. "నేను రోజూ చూస్తాను. మా సిస్టమ్ గురించి స్లైడ్ చేసేటప్పుడు వాళ్లు నాకు గుర్తు రాలేదు" అన్నాడు.

నాకు పెద్దమ్మ గుర్తు రానట్టే.

ఈ పది వారాల్లో నేను నేర్చుకున్నదంతా ఆ గంటలోనే ఉంది. మర్నాడు మా పోలిక పట్టికలో ఒక కొత్త వరస పెట్టాం: ఈ చక్రాన్ని ఎవరు తిప్పుతున్నారు, వాళ్లకేం దక్కుతోంది? భద్రాచలం కాలమ్‌లోనూ, జర్మనీ కాలమ్‌లోనూ అదే ప్రశ్న. అప్పటిదాకా వాళ్లు టీచర్లు, మేం స్టూడెంట్లు. ఆ తర్వాత ఐదుగురం స్టూడెంట్లమే.

అందుకే నా అభిప్రాయం ఇది. అంతర్జాతీయ ప్రాజెక్టులు మనకి కావాలి. బయటివాళ్లు అమాయకంగా అడిగే ప్రశ్న మనలో మనం అడుక్కోం. "బయట అంటే ఎక్కడ" అని నన్ను ఇంట్లో ఎవరూ అడగలేదు, ఎందుకంటే మాకందరికీ తెలుసనే అనుకుంటాం. కానీ ఇప్పుడు జరుగుతున్న పద్ధతిలో వీటి వల్ల సర్టిఫికెట్, లింక్డిన్ పోస్ట్ తప్ప ఊరికి ఏమీ మిగలదు. ఎందుకంటే సమస్య ఒకరిది, పరిష్కారం ఇంకొకరిది అని ముందే రాసిపెట్టుకుని మొదలుపెడుతున్నాం. రెండు వైపులా ఒకే ప్రశ్నలు అడగాలి. అడిగితే మనకి సిగ్గూ తగ్గుతుంది, అనవసరపు గర్వమూ తగ్గుతుంది.

ఒక ఫ్రెండ్ నాతో వాదించాడు: "అన్ని దేశాల్లోనూ పేదవాళ్లే ఏరుతున్నారు సరే, అయితే ఏంటి? డిపాజిట్ పెడితే సీసాలు తగ్గుతాయా లేదా?" తగ్గుతాయి. నేను డిపాజిట్‌కి వ్యతిరేకం కాదు. అసలది మనకి కొత్త కూడా కాదు. గోలీ సోడా తాగి సీసా పట్టుకెళ్లిపోతే బండివాడు ఊరుకుంటాడా? తిరుమలలో ప్లాస్టిక్ సీసాలు ఆపేసి, గాజు సీసాల్లో నీళ్లు అమ్ముతున్నారు, ఖాళీ సీసా ఇస్తే డిపాజిట్ వెనక్కిస్తారు. కేదార్‌నాథ్‌లో 2022లో ప్లాస్టిక్ సీసాల మీద క్యూఆర్ కోడ్ అంటించి పది రూపాయల డిపాజిట్ పెట్టారు, ఆ పని చేసింది మన హైదరాబాద్ కంపెనీ రీసైకల్. అక్కడ కుదిరింది భద్రాచలం కల్యాణానికి ఎందుకు కుదరదు? ఊరికి రెండు మూడు దారులే కాబట్టి ఇంకా సులువు. వచ్చే దారి బ్రిడ్జి, పోయే దారి బ్రిడ్జి.

నేననేది ఒక్కటే. ఆ డిపాజిట్ పెట్టేటప్పుడు పాత సామాన్ల అన్నని పక్కకి నెట్టకండి. సీసాలు చేరాల్సిన చోటు అతని షెడ్డు కావాలి. ముందు ఆ షెడ్డు ఉండాలి. చిప్స్ ప్యాకెట్ తీసుకునేవాడు లేనప్పుడు దాన్ని తయారుచేసినవాడే వెనక్కి తీసుకోవాలన్న నిబంధన మన దేశంలో కాగితం మీద ఉంది. అది గోదారి గట్టు దాకా రావాలి.

ఇక ఒక తప్పు ఒప్పుకోవాలి. అది నాది.

ఏప్రిల్ చివర్లో రిపోర్టు ఇచ్చేశాం. ఇంగ్లీషులో పద్దెనిమిది పేజీలు. మంచి గ్రేడు వచ్చింది. సెలవుల్లో ఒక ప్రింటు తీసుకుని సారపాక వెళ్లి అన్నకి ఇచ్చాను. అతను పేజీలు తిప్పాడు. తన కుప్పల ఫోటో చూసి నవ్వాడు, పక్కనున్నతనికి చూపించాడు. తర్వాత అడిగాడు: "నా షెడ్డు సంగతి రాసినవా?"

రాయలేదు. డ్రాఫ్ట్‌లో ఒక పేరా ఉండేది. పేజీలు ఎక్కువయ్యాయని తీసేశాం. "స్కోప్‌లోకి రాదు" అని నేనే కామెంట్ పెట్టి తీసేశాను. యాప్ ఆర్కిటెక్చర్ డయాగ్రమ్ మాత్రం రెండు పేజీలు ఉంచాం.

"రాసినా నాకు చదవరాదులే ఇంగ్లీషు" అని అతనే నన్ను గట్టెక్కించాడు. టీ తెప్పించాడు. పేపర్ కప్పులో.

అప్పుడు అర్థమైంది, నేను ఆ అన్న నుంచి ఫోటోలు, మాటలు, రేట్లు, అన్నీ తీసుకున్నాను. వాడుకున్నాను. తిరిగి ఏమీ ఇవ్వలేదు. తీసుకో, తయారుచెయ్యి, వదిలెయ్యి. సర్క్యులర్ ఎకానమీ మీద మా ప్రాజెక్టు అచ్చంగా ఒక గీతలా నడిచింది.

అందుకే ఈ వ్యాసం తెలుగులో. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగ్గా రాయడం ఇదే మొదలు. క్లబ్ సీనియర్లు మూడుసార్లు దిద్దారు, ఇంకా తప్పులుంటే అవి నావే. మాట్లాడటం వస్తే రాయడం వచ్చినట్టే అనుకున్నాను, రాదు. ఐటమ్, ప్రాసెస్, సిస్టమ్ అని తోసేయకుండా ఒక్కో మాటకీ ఆగి, దీన్ని అమ్మమ్మ ఏమంటుంది అని ఆలోచిస్తే, సగం చోట్ల నాకు విషయమే సరిగ్గా తెలియదని బయటపడింది.

మన కాలేజీలో వచ్చే సెమిస్టర్ ఇలాంటి ప్రాజెక్టులు ఇంకో రెండు మొదలవుతాయంటున్నారు. చేరేవాళ్లకి రెండు మాటలు. మొదటి వారం యాప్ గురించి మాట్లాడకండి, బస్సెక్కండి. చివరి వారం రిపోర్టుతోపాటు రెండు పేజీలు తెలుగులో రాసి, మీకు సమాచారం ఇచ్చినవాళ్లకి చదివి వినిపించండి. వాళ్లు "ఇది తప్పు" అంటే దిద్దండి. ఆ రెండు పేజీలకి కూడా మార్కులు పెట్టమని మేం ముగ్గురం మా ఫ్యాకల్టీని అడిగాం. ఆలోచిస్తామన్నారు.

మా రెండు పేజీలు ఇప్పుడు తయారవుతున్నాయి. మొదటి పేరా షెడ్డు గురించే. ఎంత స్థలం కావాలి, ఏ రేకులు, ఎంతవుతుంది, అన్నతో కూర్చుని లెక్క వేస్తున్నాం. సివిల్ బ్రాంచ్ వాళ్లు ఎవరైనా వస్తే బాగుంటుంది, మాకు రేకుల వాలు ఎంత పెట్టాలో కూడా తెలియదు. వచ్చే రెండో శనివారం పొద్దున్నే బస్సు. నీళ్ల సీసా ఇంటి నుంచే తెచ్చుకోండి, వెనక్కి కూడా మీరే తీసుకెళ్లాలి. అక్కడ బయట అనేది లేదు.